పది రోజుల అతిథులు, నలభై ఏళ్ల కాపరులు



సంక్రాంతి దాటిందంటే మన జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల ఉన్న చిన్న చిన్న బైబిలు పాఠశాలలకు విదేశీ అతిథులు వచ్చే కాలం. ఏలూరులోనో రాజమండ్రిలోనో హోటల్లో దిగి, తెల్లవారగానే కారులో మెట్ట ఎక్కి, పామాయిలు తోటల మధ్య నుండి వస్తారు. పూలదండలు, శాలువాలు, నాలుగైదు రోజుల తరగతులు, ఒక రాత్రి బహిరంగ కూడిక, చివరికి సర్టిఫికెట్లు, అందరూ కలిసి ఒక ఫోటో. పది రోజులు తిరిగేసరికి విమానం ఎక్కేస్తారు.

ఈ విషయమై ఒకే వారంలో మాకు రెండు ప్రశ్నలు వచ్చాయి. ఒక విద్యార్థి, “అయ్యగారూ, మన భాష రానివాళ్లు పది రోజులు వచ్చి వెళ్తే ఏం పని జరుగుతుందండీ?” అన్నాడు. సంఘ పెద్ద ఒకాయన సరిగ్గా దీనికి ఎదురు అడిగారు: “వాళ్లు రావడం మానేస్తే పాఠశాలలు ఎలా నడుస్తాయండీ?” ఒకరికి ఆ రాక మీద నమ్మకం లేదు, ఇంకొకరికి ఆ రాక మీదే నమ్మకం. ఇద్దరికీ కలిపి మా సొంత మాటగా ఏదో చెప్పేకంటే, మన గోదావరి జిల్లాల సువార్త చరిత్రలో కొద్దికాలానికి వచ్చి వెళ్లినవారు ఏం చేశారో చెప్పడం మేలనిపించింది.

మొదట ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ గారి సంగతి. నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో పాత సంఘాలవారికి ఈ పేరు తెలిసే ఉంటుంది. మన మెట్టవారికి అంతగా తెలియదు. 1795లో ఇంగ్లండులో పుట్టారు. ఎక్సెటర్ పట్టణంలో పళ్ల వైద్యుడు, మంచి రాబడి ఉన్నవాడు. క్రీస్తు శిష్యుడు తనకున్నదంతా ప్రభువు పనికి ఇవ్వాలని 1825లో ఒక చిన్న పుస్తకం రాసి, రాసినట్టే చేశారు. ఏ మిషను సొసైటీ జీతమూ లేకుండా 1829లో కుటుంబంతో బాగ్దాదుకు బయలుదేరారు. 1831లో ఆ పట్టణానికి ప్లేగు వచ్చింది, వెనువెంటనే వరద వచ్చింది, ఆపైన సైన్యం ముట్టడి వేసింది. ఆ ప్లేగులోనే ఆయన భార్య మేరీ గారు ప్రభువునందు నిద్రించారు, కొన్ని నెలలకే పసిబిడ్డ కూడా.

అలాంటి ఇంటికి 1833లో ఒక బాటసారి వచ్చాడు. ఇంగ్లండు నుండి నేలదారిన ఇండియాకు తిరిగి వెళ్తున్న మద్రాసు ఇంజనీర్ల అధికారి. పేరు ఆర్థర్ కాటన్. అవును, మన కాటన్ దొరే. ఆయన విగ్రహం లేని ఊరు డెల్టాలో వెతకాలి. అయితే అప్పటికి ఆయన కావేరి మీద పనిచేసిన ముప్పయ్యేళ్ల యువకుడు. గోదావరికి ఆయన పేరు ఇంకా తెలియదు, ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలవడానికి ఇంకా పద్నాలుగేళ్లుంది. గ్రోవ్స్ గారు ఆయనతో కలిసి బాగ్దాదు విడిచి ఇండియాకు వచ్చారు. స్థిరపడడానికి కాదు, చూసి వెళ్లడానికే.

ఆ సంవత్సరం మన నేల ఎలా ఉందో కూడా చెప్పాలి. మన పెద్దలు డొక్కల కరువు, నందన కరువు అని చెప్పుకునేది 1832, 33లో వచ్చిన కరువే. గుంటూరు సీమలో లక్షల ప్రాణాలు పోయాయి. గోదావరిలో నీళ్లు పారుతున్నాయి, పొలంలో నీళ్లు లేవు. కాటన్ దొర నీళ్ల సంగతి తర్వాత చూశారు. (ఆ కాలువలు మన మెట్టకు ఎక్కలేదు, మనకు బోర్లే దిక్కు. అది వేరే కథ.)

గ్రోవ్స్ గారు దాదాపు ఒక సంవత్సరం తిరిగారు. బొంబాయిలో దిగి, పడమటి తీరం వెంట దక్షిణానికి వచ్చి, తిరునెల్వేలి, నీలగిరులు, యాళ్పాణం, మద్రాసు, చివరికి కలకత్తా. ఆయనకు తమిళం రాదు, తెలుగు రాదు. ఈ రోజు మన దగ్గరకు వచ్చే అతిథి ఎలా ఉన్నాడో ఆయనా అలాగే ఉన్నారు. కూర్చోవడం, వినడం, అడగడం, ఎవరో ఒకరు తర్జుమా చేస్తే అర్థం చేసుకోవడం. ఆ ప్రయాణంలో పాళయంకోట్టైలో ఆగారు. ఈ వ్యాసానికి అసలు కీలకం ఆ ఊళ్లోనే ఉంది.

పాళయంకోట్టైలో రేనియస్ అనే జర్మన్ మిషనరీ 1820 నుండి ఉన్నారు. తమిళం లోతుగా నేర్చుకుని, తమిళ బైబిలును సవరించే పని చేసిన పండితుడు. గ్రామాల్లో సంఘాలు పెరుగుతుంటే దొరలు ఎంతమంది వచ్చినా చాలరని గ్రహించి, స్థానిక యువకులకు వాక్యము నేర్పే పాఠశాల నడిపారు. అంటే మన భాషలో బైబిలు పాఠశాల. పొడవైన పాకలు, తాటాకులు, చాపల మీద కూర్చున్న కుర్రాళ్లు, సాయంత్రం ఊళ్లకు సువార్తకు వెళ్లడం. మన పాఠశాలల పద్ధతికి ఆ పాఠశాల అంత దూరమేమీ కాదు.

అక్కడ గ్రోవ్స్ గారు ఏం నేర్పారో పెద్దగా చెప్పుకునేది లేదు. ఏం చూశారన్నదే పెద్ద సంగతి. ఈ దేశపు సంఘానికి ఈ దేశపు కాపరులే కావాలని, వారు దొరల చేతికింద జీతగాళ్లుగా కాక ప్రభువు చేతికింద సేవకులుగా నిలవాలని ఆయనకు గట్టిగా పట్టింది. దొర ఒక బల్ల దగ్గర, ఉపదేశి ఇంకో మూల భోజనం చేసే రోజులవి. గ్రోవ్స్ గారు ప్రయాణాల్లో ఇండియా సహోదరులతో ఒకే చోట కూర్చుని తినడం, ఒకే చోట పడుకోవడం కావాలని చేశారు. అప్పటి ఇంగ్లీషువారికి ఇది చిన్న సంగతి కాదు.

ఆ పాఠశాలలో చదువుకున్న యువకుల్లో అరుళప్పన్ గారొకరు. 1810లో పుట్టారు. గ్రోవ్స్ గారితో పరిచయమయ్యాక వారిద్దరిదీ జీవితాంతపు స్నేహం. తర్వాత నెల జీతం ఇస్తామంటే అరుళప్పన్ గారు వద్దన్నారు. జీతం తీసుకుంటే తాను ఎవరో పంపిన మనిషినని ఊళ్లో అంటారని ఆయన బాధ. 1840లో క్రిస్టియన్‌పేట అనే ఊరు కట్టి, బావులు తవ్వించి, సేద్యం చేయించి, చుట్టూ గ్రామాలకు సువార్తికులను పంపారు. 1860లో తిరునెల్వేలి ప్రాంతంలో వచ్చిన ఉజ్జీవము చాలావరకు ఈయన పరిచర్య చుట్టూ మొదలైందే. ఒక పర్యాటకుడు ఒక బైబిలు పాఠశాలలో కొన్ని రోజులు ఆగాడు. అందులో ఒక విద్యార్థి ఆయనకు స్నేహితుడయ్యాడు. ఆ స్నేహం విలువను పది తరగతుల నోట్సుతో కొలవలేము.

1834లో గ్రోవ్స్ గారు కలకత్తా నుండి ఓడ ఎక్కారు. అదే ఓడలో అలెగ్జాండర్ డఫ్ గారు తీవ్రమైన జబ్బుతో స్వదేశానికి వెళ్తుంటే, దారి పొడవునా ఆయనకు సేవ చేసింది గ్రోవ్స్ గారే. ఇక్కడితో ఆయన ఇండియా సందర్శన అయిపోయింది. ఫోటోలు లేని కాలం కాబట్టి ఫోటోలు లేవు.

కాని ఆయన ఇంటికి వెళ్లి ఊరుకోలేదు. అనాథాశ్రమం నడిపిన జార్జి ముల్లర్ గారు, మన విశ్వాసులు తరచు చెప్పుకునే ఆ ముల్లర్ గారే, గ్రోవ్స్ గారి చెల్లెలి భర్త. 1835లో బావమరదులిద్దరూ జర్మనీ దాకా వెళ్లి, ఇండియాకు వచ్చేవారెవరైనా ఉన్నారా అని వెతికారు. ఇంగ్లండులో సంఘాలన్నీ తిరిగారు. ఉత్తర డెవన్‌లో బార్న్‌స్టపుల్ అనే ఊళ్లో రాబర్ట్ చాప్మన్ గారి సంఘము ఉంది. అక్కడ ఇద్దరు ముందుకు వచ్చారు. విలియం బౌడెన్ రాళ్లు చెక్కే మేస్త్రీ. జార్జి బీర్ చెప్పులు కుట్టేవాడు. డిగ్రీలు లేవు, పెద్ద సొసైటీ అండ లేదు. ఇద్దరి భార్యల పేర్లూ ఎలిజబెత్ కావడం ఒక విచిత్రం.

1836 జూలైలో ఆ బృందం మద్రాసులో దిగింది. అదే ఓడలో గ్రోవ్స్ గారి పిల్లలకు చదువు చెప్పడానికని వచ్చిన ఒక జర్మన్ యువకుడు ఉన్నాడు. ఆయనే హెర్మన్ గుండెర్ట్, తర్వాత 1872లో మలయాళ నిఘంటువు అచ్చువేసినవారు. కేరళవారు ఈనాటికీ ఆయనను గౌరవంతో తలచుకుంటారు. ఒక్కడు చూసి వెళ్లిన ఏడాదికి ఫలంగా ఒక ఓడలో ఇంతమంది వచ్చారు.

బౌడెన్, బీర్ దంపతులు మచిలీపట్నం చేరి తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టారు. అక్కడి నుండి నర్సాపురం, తర్వాత పాలకొల్లు. చెప్పడానికి ఒక్క వాక్యం, బ్రతకడానికి ఏళ్లు. అప్పటికి సంపూర్ణ తెలుగు బైబిలు లేదు. బ్రౌన్ దొర నిఘంటువు ఇంకా అచ్చుకాలేదు. 1839లో కోరింగ రేవును ముంచిన ఉప్పెన వంటివి ఆ తీరానికి కొత్త కాదు. రోడ్లు లేవు, వానాకాలం వచ్చిందంటే ఊరికీ ఊరికీ మధ్య బురదే. ఆనకట్ట లేదు కాబట్టి ఒక ఏడు వరద, ఒక ఏడు ఎండ. రాళ్లు చెక్కిన చేతులతో, చెప్పులు కుట్టిన చేతులతో వీళ్లు ఆ ఊళ్లలో తిరిగారు. ఎవరి ఇళ్లకు ఊరి పెద్దలు వెళ్లరో ఆ మాలపల్లెలకు, మాదిగపల్లెలకు వెళ్లి కూర్చున్నారు. 1847 నుండి 1852 వరకు ధవళేశ్వరం ఆనకట్ట పని జరిగేటప్పుడు అక్కడ చేరిన వేల కూలీల మధ్య కూడా సువార్త వినబడింది. బాగ్దాదు బాటసారి కాటన్ దొర, బాగ్దాదు మిషనరీ పంపించిన మేస్త్రీ ఒకే నది దగ్గర చేరారు చూడండి.

బీర్ గారు ముందుగా వెళ్లిపోయారు. ఆయన భార్య ఇంగ్లండుకు తిరిగిపోకుండా నర్సాపురంలోనే పనిలో ఉండిపోయారు. బౌడెన్ గారు దాదాపు నలభై ఏళ్లు ఈ డెల్టాలో గడిపారు. వారి బిడ్డలు కూడా ఇక్కడే తెలుగు మాట్లాడుతూ పెరిగి అదే పరిచర్యలో సాగారు. గోదావరి డెల్టా మిషను అనే పేరు వెనక ఉన్నది ఈ రెండు కుటుంబాలే.

మా అభిప్రాయం చెప్పమంటే, చరిత్ర పుస్తకాల్లో గ్రోవ్స్ గారికి దొరికినంత చోటు ఆ ఇద్దరు ఎలిజబెత్తులకు దొరకలేదు. గ్రోవ్స్ గారు రాశారు, ప్రయాణాలు చేశారు, పేరున్నవారితో తిరిగారు. వాళ్లు వంట చేశారు, పిల్లలను కన్నారు, పాతిపెట్టారు, పల్లె ఆడవాళ్లతో తెలుగు మాట్లాడారు. ఉన్నవాళ్ల కథ ఎప్పుడూ రాయడానికి కష్టం, ఎందుకంటే ప్రతి రోజూ నిన్నటి రోజులాగే ఉంటుంది.

ఇది కొత్త పద్ధతి కాదు, పౌలు గారి పద్ధతే. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయము తీసి చూడండి. థెస్సలొనీకలో సమాజమందిరంలో ఆయన మాట్లాడింది మూడు విశ్రాంతిదినములు. ఆ తర్వాత రాత్రికి రాత్రి ఊరు విడవాల్సి వచ్చింది. కాని మొదటి థెస్సలొనీక పత్రిక 3వ అధ్యాయములో ఏముంది? ఉండబట్టలేక తిమోతిని మళ్లీ పంపారు. ఆపైన ఉత్తరాలు. ఎఫెసులో మాత్రం తురన్ను పాఠశాలలో రెండేళ్లు దినదినమూ బోధించారు. ఎక్కడ ఎంతకాలం ఉన్నారన్నది ఊరిని బట్టి మారింది. వెళ్లాక మర్చిపోవడం మాత్రం ఎక్కడా కనబడదు.

రాజమండ్రి లూథరన్ సహోదరులు ఇంకొక ముసలాయన కథ చెబుతారు. ఫాదర్ హయ్యర్ గారు 1842 జూలై 31న గుంటూరు చేరిన మిషనరీ, ఏళ్ల తరబడి ఇక్కడ పనిచేసి అమెరికా వెళ్లిపోయారు. 1869లో రాజమండ్రి పనిని నడపలేక వేరే మిషనుకు అప్పగించబోతున్నారని తెలిసి, అమెరికాలో సభ ముందు నిలబడి, వద్దు, నేను వెళ్తానన్నారు. అప్పటికి వయసు 75 దాటింది. ఎప్పుడు వెళ్తారంటే చేతిసంచి చూపించి ఇప్పుడే అన్నారట. ఆ డిసెంబరుకు రాజమండ్రిలో ఉన్నారు. ఏడాది పైచిలుకు మాత్రమే ఉన్నారు, కొత్తవారు వచ్చి పని అందుకునేదాకా. తిరిగి వెళ్లి ఫిలడెల్ఫియా సెమినరీలో విద్యార్థుల మధ్య చాప్లెనుగా ఉంటూ 1873లో కన్నుమూశారు. మనం ఇక్కడ నుండి విదేశీ బైబిలు పాఠశాల వైపు చూస్తుంటాం గాని, గోదావరి గట్టు మీద నుండి వెళ్లిన ఆ ముసలాయన అక్కడి పాఠశాలలో కూర్చుని రాజమండ్రి గురించే మాట్లాడి ఉండడా?

ఇప్పుడు మన దగ్గరకు మరింత దగ్గరి కథ. కోనసీమ వెళ్లినవాళ్లు పి.గన్నవరం దగ్గర పాత అక్విడెక్టు చూసే ఉంటారు. గోదావరి పాయ మీదుగా కాలువ నీళ్లను దాటించే 49 ఖానాల కట్టడం. దాని పక్కనే ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరుతో కొత్తది కట్టారు. పాతది కట్టింది కాటన్ దొర కింద పనిచేసిన కుర్ర లెఫ్టినెంటు, పేరు హేగ్. తర్వాత ఆయనను పైన దుమ్ముగూడెం దగ్గర నదిలో పడవలు నడిచేందుకు చేసే పనుల మీద వేశారు. అక్కడ చుట్టూ కోయ గూడేలు. ఈ పోలవరం, బుట్టాయగూడెం వైపు మనం చూసే కోయ సహోదరుల బంధువర్గమే. వాళ్లకు సువార్త చెప్పేవారు లేరని హేగ్ గారు, తోటి అధికారులు కూడి ప్రార్థన చేశారు.

జవాబు ఇంగ్లండు నుండి రాలేదు. సర్కారు ఉద్యోగంలో ఉండి క్రీస్తును నమ్ముకున్న ఇందుకూరి వెంకటరామరాజు గారు ఆ ఉద్యోగం వదులుకుని 1860 ప్రాంతంలో దుమ్ముగూడెంలో సువార్త పనికి పూనుకున్నారు.  దుమ్ముగూడెం కోయ మిషనుకు పునాది ఆ తెలుగు మనిషి. ఈ పేరు మన బైబిలు పాఠశాల కుర్రాళ్లలో ఎంతమందికి తెలుసని అడిగితే ఒక్క చెయ్యి కూడా లేవలేదు. విదేశీ మిషనరీల పేర్లు మాత్రం గడగడా చెప్పారు.

హేగ్ గారు తర్వాత మేజర్ జనరల్ హోదాతో ఉద్యోగం విరమించారు. అప్పుడు ఆయన చూపు అరేబియా వైపు తిరిగింది. అక్కడ సువార్త పని కావాలని 1885లో ఒక వ్యాసం రాశారు. అది చదివిన ఒకాయన అయాన్ కీత్ ఫాల్కనర్, స్కాట్లండు ప్రభువు కుమారుడు, కేంబ్రిడ్జిలో అరబ్బీ పండితుడు, ఆ రోజుల్లో సైకిలు పందాల్లో పేరున్నవాడు. ఆయన ఏడెనుకు మొదట చూడడానికి వెళ్లి కొన్ని నెలలుండి తిరిగి వచ్చారు. ఊరు చూశారు, ఎండ చూశారు, జ్వరం చూశారు. మళ్లీ 1886 చివర్లో భార్యతో కలిసి ఉండిపోవడానికి వెళ్లారు. 1887 మే నెలలో జ్వరంతో అక్కడే చనిపోయారు. ముప్పై ఏళ్లు.

అదే కాలంలో, 1886, 87లో, ముసలి హేగ్ గారు స్వయంగా ఒక చిన్న యాత్ర చేశారు. ఎర్ర సముద్రం, యెమెను, ఏడెను, మస్కట్, గల్ఫు రేవులు, బాగ్దాదు. గోదావరి కాలువలు తవ్విన మనిషి, గ్రోవ్స్ గారు విడిచి వచ్చిన పట్టణానికి యాభై ఏళ్ల తర్వాత చేరాడు. స్థిరపడడానికి కాదు, చూసి రాయడానికి. రాశారు. 1889లో అమెరికాలో న్యూ బ్రన్స్‌విక్ సెమినరీలో, మళ్లీ ఒక బైబిలు పాఠశాలే, లాన్సింగ్ అనే ఆచార్యుడు, కాంటైన్, జ్వెమర్ వంటి విద్యార్థులు కలిసి అరేబియన్ మిషను స్థాపించారు. హేగ్ గారి యాత్రను జ్వెమర్ గారు తమ పుస్తకంలో గౌరవంతో తలచుకున్నారు. వాళ్లు బస్రా, బహ్రెయిన్, మస్కట్ రేవుల్లో పని మొదలుపెట్టారు. తర్వాత కువైట్‌లో ఆసుపత్రి కట్టారు.

అయితే మనవాళ్లు ఎప్పుడూ అందుకునేవాళ్లేనా, వెళ్లినవాళ్లు లేరా? ఉన్నారు. 1903లో తెలుగు బాప్టిస్టు సంఘాలు తమ కానుకలతో జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నాటాలుకు పంపాయి. చెరుకు తోటల్లో, తేయాకు తోటల్లో కూలికి వెళ్లిన మన తెలుగువారి మధ్య ఆయన సంఘాలు కట్టి 1915లో ప్రభువు సన్నిధికి వెళ్లారు. ఆ పంపిన సంఘాల్లో ధనవంతులు తక్కువ. పిడికెడు బియ్యం తీసిపెట్టే ఇళ్లే ఎక్కువ.

ఇక మొదటి రెండు ప్రశ్నలు. పది రోజుల్లో ఏం జరుగుతుందని అడిగిన తమ్ముడికి: గ్రోవ్స్ గారు పాళయంకోట్టైలో ఉన్నది కొద్దికాలమే, హేగ్ గారు మస్కట్‌లో ఉన్నది అంతకన్నా తక్కువ. వాళ్లు రాకపోతే ఎలాగని అడిగిన పెద్దాయనకు: దుమ్ముగూడెం పని తెలుగు మనిషి చేతిలో మొదలైంది, అరుళప్పన్ గారు జీతమే వద్దన్నారు.

ఈ చరిత్ర చదివాక వచ్చే జనవరికి మన పాఠశాలలో కొన్ని మార్పులు చేద్దామని పెద్దలతో మాట్లాడుకున్నాము. అతిథులు రోజుకు ఆరు గంటలు పాఠం చెప్పే బదులు మూడు గంటలు చెబితే చాలు. మిగతా పూట విద్యార్థులతో కలిసి గూడేలకు, పొలాల దగ్గరకు వెళ్లాలి, వినాలి. భోజనం అందరికీ ఒకే పంక్తిలో. వాళ్లకు విడిగా బల్ల, సీసా నీళ్లు, మనకు కింద చాప అనే ఏర్పాటు వద్దు. నీళ్ల సీసా మాత్రం ఉండనివ్వండి, పొట్ట పాడైతే ఆ పది రోజులూ మంచానికే పోతాయి. సరైన వీసా లేకుండా, అంటే పర్యాటక వీసా మీద వచ్చి బోధ చేయడం మన దేశ నిబంధనలకు విరుద్ధం. ఆ కాగితాలు ముందే చూసుకోవాలి. ఇందులో మొహమాటం పనికిరాదు.

తర్జుమా చేసేవారి గురించి ఒక మాట. పల్లె విశ్వాసి వినేది అతిథి మాట కాదు, తర్జుమా చేసే మన కుర్రాడి మాట. అతిథి ఒక ఛలోక్తి వేస్తే దాన్ని ఇక్కడివాళ్లకు పనికొచ్చేలా మార్చేదీ, తప్పు అర్థం వచ్చేచోట సర్దేదీ అతడే. కాని శాలువా అతిథికే, అతడికి చివర కుర్చీ. ఈ ఏడు తర్జుమా చేసేవారికి వారం ముందే పాఠాలు పంపమని అతిథులను కోరాము. వాళ్ల పేరు కూడా ఆహ్వాన పత్రికలో వేస్తాము.

అతిథులు వెళ్లేటప్పుడు మేము అడిగేది డబ్బు కాదు. ఏడాదికి నాలుగు ఉత్తరాలు రాయమంటాము, పేరు పేరునా విద్యార్థులకు. ఒక్కొక్కరు ఒక్క విద్యార్థిని ఎంచుకుని, అతని ఊరి పేరు, అతని తల్లి పేరు గుర్తుంచుకోవాలి. మూడేళ్ల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు అతని ఊరికే వెళ్లాలి. విద్యార్థుల దగ్గర కూడా ఒక పని పెట్టాము: ఆఖరి రోజున సర్టిఫికెట్టు ఇచ్చే ముందు ప్రతివాడూ ఇందుకూరి వెంకటరామరాజు గారి గురించి, బౌడెన్ బీర్ దంపతుల గురించి ఐదు నిమిషాలు తెలుగులో చెప్పాలి. అది అతిథులకు ఇంగ్లీషులోకి తర్జుమా అవుతుంది. ఒక్కసారైనా తర్జుమా ఆ దారిన నడవనివ్వండి.

కువైట్‌లో ఇళ్లపనిలో ఉన్న మన అక్కచెల్లెళ్లకు ఒక చిన్న మనవి. శుక్రవారం సెలవు దొరికితే మీరు కూడికకు వెళ్లే నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణ, ఆ పక్కన గల్ఫ్ రోడ్డు మీద అమ్రికానీ అని పిలిచే పాత ఆసుపత్రి కట్టడం, ఆ అరేబియన్ మిషను వారు కట్టినవే. మన అక్విడెక్టు కట్టిన దొర చూసి వచ్చి రాసిన గల్ఫులోనే మీరిప్పుడు తెలుగులో పాటలు పాడుకుంటున్నారు. ఈసారి వెళ్లినప్పుడు ఆ కట్టడం ఫోటో ఒకటి తీసి సంఘము గ్రూపులో పెట్టండి. గన్నవరం అక్విడెక్టు ఫోటో మన కుర్రాళ్లు తీసుకొస్తున్నారు. రెండూ కలిపి పాఠశాల గోడకు పెట్టిస్తాము.